కానుకల లెక్క అడిగితే అవిశ్వాసమా?

ఈసారి సంఘాల గురించిన ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి, వరంగల్ చుట్టుపక్కల నుంచి అటు గోదావరిఖని దాకా. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ రాశారు, వేయలేదు. ఊళ్ల పేర్లు కూడా కొన్ని కావాలనే వదిలేశాం. మన సంఘాల్లో ఉత్తరం ఎవరు రాశారో ఆదివారం రెండో పాట అయ్యేలోపే తెలిసిపోతుంది కదా.

ప్రశ్న: మాది నర్సంపేట వైపు పల్లె. స్వతంత్ర సంఘం, ఏ మిషన్‌కూ చెందదు. పాస్టరు గారు సైకిల్ మీద తిరిగి సువార్త చెప్పిన రోజుల నుంచి ఆయనతోనే ఉన్నాం. రేకుల షెడ్డు పోయి స్లాబు పడింది. కూలికి పోయిన పైసలు ఇచ్చాం, ఇసుక మోశాం. స్థలం మాత్రం అయ్యగారి పేరు మీదే ఉంది. మొన్న ఆరాధన చివర్లో ‘ఇక నుంచి నా కొడుకే మీ కాపరి’ అని ప్రకటించి తలమీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఎవరినీ అడగలేదు. లెక్కలు ఇంతవరకు చదివి వినిపించిందే లేదు. నేను అడిగితే ‘అభిషిక్తుణ్ణి ముట్టకూడదు’ అని సంఘ పెద్దలే నా నోరు మూయించారు. ఊరుకోవాలా, వేరే సంఘానికి పోవాలా అన్నా?

జవాబు: ఇప్పుడే రెండూ వద్దు తమ్ముడూ. ముందు ఆ అభిషిక్తుడి మాట తేల్చుకుందాం, ఎందుకంటే ఆ ఒక్క మాటతో మన దగ్గర ఎంతమంది నోళ్లు మూతపడ్డాయో. అది 105వ కీర్తనలోది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా, పరదేశులుగా ఊరూరా తిరుగుతుంటే వాళ్ల జోలికి పోవద్దని దేవుడు రాజులను గద్దించాడని అక్కడ ఉంది. అంటే బలం ఉన్నవాళ్ల చేతినుంచి బలం లేనివాళ్లను కాపాడిన మాట. దాన్ని తిప్పి కూలి చేసుకునే విశ్వాసి మీద ప్రయోగించడం నాకైతే మింగుడుపడదు. దావీదు తనను చంపాలని తరిమిన రాజు, అభిషిక్తుడైన సౌలును ముట్టలేదు కదా అంటారేమో, నిజమే, ముట్టలేదు. కానీ గుహ బయటికొచ్చి తాను కోసిన సౌలు అంగీ చెంగు చేత్తో పట్టుకుని, నన్నెందుకు తరుముతున్నావని అందరూ వినేలా అడిగాడు. చెయ్యి ఎత్తలేదు, ప్రశ్న మాత్రం వేశాడు.

ఇక కొడుకు సంగతి. పాస్టరు గారి అబ్బాయి పాస్టరు కావడం తప్పేమీ కాదు. బైబిలు చదువుకుని, రాత్రిపూట ఆస్పత్రికి పిలిస్తే వచ్చేవాడై, అప్పులూ గొడవలూ లేనివాడైతే మంచిదే. తేల్చాల్సింది ఎవరు అనేదే నా ప్రశ్న. యెరూషలేములో మొదటి సంఘంలో వచ్చిన తగాదా భోజనాల పంపకం గురించి, గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు సరిగా అందడం లేదని. అపొస్తలులు సణిగినవాళ్లను గద్దించలేదు, మా తమ్ముళ్లను పెడతామనీ అనలేదు. ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి, మేం నియమిస్తాం అన్నారు. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం, ఇంటిదగ్గర తీసి చదవండి. మీ సంఘం కూడా ఆ అబ్బాయిని ఒక ఏడాది సహాయ కాపరిగా ఉంచి, చూసి, తర్వాత అందరూ కూర్చుని ఒప్పుకుంటే ఆయనకే గౌరవం.

స్థలమే అసలు చిక్కు. కాగితం అయ్యగారి పేరు మీద ఉంటే చట్టం దాన్ని ఆయన సొంత ఆస్తిగానే చూస్తుంది, మీరు మోసిన ఇసుకకు రశీదు లేదు. ఆయన తర్వాత అది వారసులది. వీలునామా లేకపోతే క్రైస్తవులకు వర్తించే 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతాది కొడుకులు, కూతుళ్లు అందరికీ సమానంగా పోతుంది. కాగితాల్లో హిందువుగా ఉంటే ఆ చట్టం వేరు, అక్కడా కూతురికి సమాన భాగమే. ఈ సంగతి అయ్యగారికి కూడా ఎవరూ చెప్పి ఉండరు. రేపు అల్లుడు వచ్చి మా భాగం అమ్ముకుంటాం అంటే గుడి మధ్యలోనుంచి గీత గీయాల్సి వస్తుంది, కొత్త కాపరి కూడా ఏమీ చేయలేడు.

దారి ఏంటంటే, సంఘాన్ని తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టర్ చేయడం (కనీసం ఏడుగురు సభ్యులు కావాలి), లేదా ట్రస్టు డీడ్ రాయించడం, తర్వాత అయ్యగారు బతికుండగానే స్థలాన్ని దానపత్రం ద్వారా దాని పేరుకు మార్చడం. నోటిమాట దానం చెల్లదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి, స్టాంపు ఖర్చు ఉంటుంది. దానికంటే ముందు ఆ స్థలం పట్టానా, గ్రామకంఠమా, అసైన్డా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అని చూడండి, అసైన్డ్ అయితే అమ్మడానికి గానీ దానం ఇవ్వడానికి గానీ 1977 చట్టం అడ్డొస్తుంది, అప్పుడు వకీలును కలవకుండా అడుగు వేయొద్దు. ఇంకో మాట. ‘మా సంఘం రిజిస్టర్డ్’ అని బోర్డు మీద నంబరు వేసుకున్న చాలాచోట్ల కాగితం తీస్తే అధ్యక్షుడు అయ్యగారు, కార్యదర్శి అమ్మగారు, కోశాధికారి కొడుకు. అది రిజిస్టర్ చేసిన ఇల్లు, సంఘం కాదు. బైలాలో సభ్యుడంటే ఎవరు, జనరల్ బాడీ ఏడాదికోసారి ఎప్పుడు, కమిటీ కాలం ఎన్నేళ్లు, కాపరిని పెట్టేది తీసేది ఎవరు, ఆస్తి అమ్మాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి, ఇవి రాసి ఉండాలి.

లెక్కల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పౌలు యెరూషలేము పేదలకు వసూలు చేసిన చందాను తానొక్కడే మోసుకుపోలేదు, సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట పెట్టుకున్నాడు, ఎవరూ తప్పు పట్టకుండా అని తానే కొరింథీయులకు రెండో పత్రికలో రాశాడు. పౌలుకు లేని నామోషీ మనకెందుకు? ఆరాధన అయ్యాక బంధుత్వం లేని ఇద్దరు ముగ్గురు అక్కడే కూర్చుని లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టి, మర్నాడు బ్యాంకులో వేస్తే సరిపోతుంది. ఇప్పుడు పెట్టె కంటే గోడమీది ఫోన్‌పే స్కానర్ పెద్దది. అది ఎవరి ఖాతాకు పోతోందో ఒకసారి స్కాన్ చేసి పేరు చూడండి.

ఇదంతా మీరు వాట్సాప్ గ్రూపులో మొదలుపెడితే మాత్రం సంఘం రెండు ముక్కలవుతుంది, రాసి పెట్టుకోండి. మత్తయి పద్దెనిమిదిలో చెప్పిన వరసే పని చేస్తుంది: ముందు ఒక్కరే పోండి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకుని పోండి, అప్పుడే సంఘం ముందు. పోయినప్పుడు ‘దోచుకున్నారు’ అని మొదలుపెట్టకండి. అయ్యగారి భయం ఏంటో ఆలోచించండి. మిషన్ సంఘంలో పాస్టరుకు జీతం, ఉండటానికి ఇల్లు ఉంటాయి, రిటైరైతే ఎంతో కొంత చేతికి వస్తుంది. స్వతంత్ర సంఘ కాపరికి పెన్షన్ లేదు, పీఎఫ్ లేదు. కానుకలు తగ్గిన వర్షాకాలం ఆయన ఇంట్లో ఏం వండారో మీలో ఎవరూ అడిగి ఉండరు. ఇన్నేళ్లు అలా బతికినవాడు ఆ స్థలాన్నీ ఆ కొడుకునూ గట్టిగా పట్టుకున్నాడంటే అది దురాశ ఒక్కటే కాకపోవచ్చు. కాబట్టి మీరు పట్టుకెళ్లే కాగితంలో మొదటి లైను ఇలా ఉండాలి: అయ్యగారికి, అమ్మగారికి బతికినన్నాళ్లు నెలకు ఇంత, ఉండటానికి ఈ ఇల్లు. రెండో లైను స్థలం. ఆ మొదటి లైను రాయడానికి సంఘం సిద్ధంగా లేకపోతే రెండోది అడిగే హక్కు మనకు తక్కువే అని నా అభిప్రాయం. అప్పటికీ ఆయన వినకపోతే, లెక్క చెప్పేది లేదని తెగేసి చెబితే, అప్పుడు వేరే సంఘానికి పోండి, ఎవరినీ తిట్టకుండా పోండి.

ప్రశ్న: హన్మకొండలో పాత మిషన్ సంఘం మాది. కమిటీ ఎన్నికలొస్తే ప్యానెళ్లు, విందులు, ఆర్నెల్లుగా గుడి మెట్లెక్కని వాళ్లను ఆటోల్లో తేవడం, లోపల కులం లెక్క. అసెంబ్లీ ఎన్నికలే నయం అనిపిస్తోంది. ఎన్నికలు ఎత్తేసి పాస్టరు గారే పెద్దలను పెడితే పీడ పోతుంది కదా?

జవాబు: పోదు. పైన నర్సంపేట తమ్ముడి ఉత్తరం చదవండి, ఎన్నికలు లేని చోట ఏముందో కనిపిస్తుంది.

సంఘాన్ని నడిపే పద్ధతులు మన ప్రాంతంలో అన్ని రకాలూ ఉన్నాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసిపోయిన ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. అందుకే అక్కడ బిషప్పూ ఉంటాడు, కౌన్సిల్లో మామూలు విశ్వాసులకు ఓటూ ఉంటుంది. బాప్టిస్టుల్లో ఏ సంఘానికా సంఘమే నిర్ణయం చేసుకోవాలి, పైవాడు ఆజ్ఞ ఇవ్వడు. భక్త్ సింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను తరహా సహవాసాల్లో ఓట్లు ఉండవు, పెద్దలు ప్రార్థించి తేలుస్తారు. వినడానికి బాగుంటుంది, అయితే ఆ పెద్దలను ఎవరు ఎంచారు అని అడిగితే అక్కడా నలుగురే తేలతారు. ఏ పద్ధతిలోనైనా పెత్తనం కావాల్సినవాడు దూరడానికి సందు ఉంటుంది, కాకపోతే ఓటున్న చోట మూడేళ్లకోసారి దింపే వీలుంటుంది.

మీ సమస్యకు మందు ఓటర్ల జాబితాలో ఉంది. చందా కట్టి, ప్రభు భోజనంలో పాలు పొందుతూ, ఏడాదిలో ఇన్ని ఆదివారాలు వచ్చినవాళ్లదే ఓటు అని రాసి, ఆ జాబితాను ఎన్నికకు మూడు నెలల ముందే గుడి గోడకు అంటించి మూసేయండి. ఆటోలు వాటంతటవే ఆగుతాయి. ఒకే మనిషి రెండుసార్ల కంటే ఎక్కువ ఉండకూడదు, కార్యదర్శి, కోశాధికారి ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడలేం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, మన దగ్గర బీసీ సీ కింద ఒక శాతం రిజర్వేషన్ మాత్రమే ఉంది, అందుకని చాలా కుటుంబాలు సంఘ రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి జంకుతాయి. పేరు లేకపోతే ఓటు లేదు, ఓటు లేనివాడి మాట కమిటీ వినదు. దీనికి ఈ శీర్షికలో చిట్కా చెప్పలేను, కాగితం మీద ఒకటి, గుడిలో ఒకటి అని సలహా ఇవ్వను కూడా.

కులం గురించి రెండు మాటలు. ఈ ప్రాంతంలో పల్లెలకు పల్లెలు కదిలి వచ్చినప్పుడు ఏ వాడ ముందు వస్తే గుడి ఆ వాడలోనే లేచింది, రెండో వాడకు వేరే గుడి లేచింది. వందేళ్ల కిందటి ఆ సంగతి అర్థం చేసుకోవచ్చు. ఇవాళ హన్మకొండలో డిగ్రీలు చదివినవాళ్లు ప్యానెల్లో పేర్లు చూసి ఇంటిపేరు ఆరా తీయడం అర్థం చేసుకోవలసిన పని కాదు, ఆపాల్సిన పని. మీ పాస్టరు గారు ఎన్నికకు ముందు ఆదివారం దీని మీదే ప్రసంగం చేయాలి. చేయమని అడగండి, ఉత్తరం రాసి సంతకం పెట్టి మరీ అడగండి.

ప్రశ్న: జమ్మికుంట నుంచి. తమ్ముడి పెళ్లి మా స్వతంత్ర సంఘ పాస్టరు గారు చేస్తామంటున్నారు. చెల్లుతుందా?

జవాబు: 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద ఆయనకు లైసెన్సు ఉందా అడిగి, కాగితం చూడండి, మొహమాటం వద్దు. లేకపోతే లైసెన్సు ఉన్న మరో పాస్టరు గారి చేత జరిపించండి, వాక్యం మీ అయ్యగారు చెప్పొచ్చు. ముహూర్తాలు మనకు లేవు కానీ టైము ఉంది, ఆ చట్టం ప్రకారం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే జరగాలి. రిసెప్షన్ లేటైతే ఫరవాలేదు. ఇద్దరిలో ఎవరికీ క్రైస్తవులని కాగితాల్లో లేకపోతే స్పెషల్ మ్యారేజ్ యాక్టు దారి చూసుకోండి.

ప్రశ్న: గోదావరిఖని, సింగరేణి కార్మికుడి భార్యను. మా సంఘంలో సండే స్కూలు మేమే, శుక్రవారం ఉపవాస కూడిక మేమే, క్రిస్మస్ వంట మేమే. కమిటీలో మాత్రం ఒక్క ఆడమనిషి లేదు. అడిగితే పాస్టరు గారు తిమోతి పత్రిక తీస్తారు.

జవాబు: స్త్రీ బోధించకూడదని ఆ వచనాన్ని తీసుకునే సంఘాలు ఉన్నాయి, వాళ్ల మనస్సాక్షితో నేను ఇక్కడ తగాదా పెట్టుకోను. అదే బైబిలును చదివే సి.ఎస్.ఐ. ఆడవాళ్లకు గురువు అభిషేకం ఇస్తోంది, 2013లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ మన తెలుగావిడే. అదీ కాక రోమా పత్రిక చివరి అధ్యాయంలో పౌలు మొట్టమొదట పేరు పెట్టి సిఫారసు చేసింది ఫీబే అనే ఆవిడను, సంఘ పరిచారకురాలని. పాస్టరు గారు ఒక పత్రిక తీస్తే మీరు ఒక పత్రిక తీయొచ్చు.

అయితే అమ్మా, మీరు పోరాడాల్సింది ప్రసంగ వేదిక కోసం కాదని నాకనిపిస్తోంది. మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, అన్నం వండేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసి ఆదివారం గుడికి తేవడం. డోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య గారు, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్, పేద సంఘాలు కూడా తమ కాపరిని తామే పోషించుకోవాలని పట్టుబట్టినవాడు. పల్లెల్లో ఆ పోషణ చాలావరకు ఆడవాళ్ల పిడికిళ్లతోనే జరిగింది. ఇచ్చింది వాళ్లయితే లెక్క చూసేది వేరేవాళ్లెలా అయ్యారో నాకు అర్థం కాదు. తిమోతి పత్రికను ఎంత గట్టిగా చదివినా ఆడమనిషి డబ్బు లెక్కపెట్టకూడదని అందులో లేదు. కాబట్టి ఈసారి జనరల్ బాడీలో కోశాధికారి పదవి అడగండి. మీలో ఎవరైనా మహిళా సంఘం పొదుపు పుస్తకాలు రాసినవాళ్లు ఉంటారు, బ్యాంకు లింకేజీ లోన్లు కట్టి చూపించినవాళ్లు, ఆవిడ పేరు ప్రతిపాదించండి. బలపరచడానికి ఒక మగమనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి, మీ ఆయనైనా సరే.