26 అంగుళాల గుర్రం కావాలా?

మీ ఉత్తరాలు, నా జవాబులు

డాలస్‌కి ఉత్తరాన గంట దూరంలో మాకు ఆరెకరాల పొలం, అందులో ఏడు మినియేచర్ గుర్రాలు, ముద్దుగా ‘మినీ’లు. 2006 నుంచి వాటి లద్దె ఎత్తుతున్నాను. నేను వెటర్నరీ డాక్టర్ని కాను. తెనాలిలో జట్కా స్టాండు పక్కింట్లో పెరిగినదాన్ని, అంతే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే ప్రశ్న: ‘ఎంత చిన్నది దొరుకుతుంది?’

అక్కా, సెలీనా ఊరి దగ్గర రెండెకరాలు కొన్నాం. మే నెలలో మా పాపకి అయిదో పుట్టినరోజు. 26 అంగుళాల ‘మైక్రో మినీ’ ఒకటి అమ్మకానికి ఉంది. మామూలు మినీకి రెట్టింపు ధర చెబుతున్నారు. పాప ఎక్కి తిరుగుతుందని ఆశ. తీసుకోమంటారా?
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

చెల్లీ, ముందు ఆ అంగుళాల సంగతి చూద్దాం. మామూలు గుర్రాన్ని మూపు దగ్గర కొలుస్తారు. మినీని మాత్రం జూలులో చివరి వెంట్రుకలు మొలిచే చోట కొలుస్తారు. ఆ చోటు మూపు కంటే కాస్త కిందికి ఉంటుంది. అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ పుస్తకం ప్రకారం పెద్దయిన గుర్రం 34 అంగుళాలు దాటకూడదు. అమెరికన్ మినియేచర్ హార్స్ రిజిస్ట్రీ వాళ్లకి 34 వరకు ‘ఏ’ వర్గం, ఆపైన 38 వరకు ‘బి’ వర్గం. ఈ రెండు చోట్లా ‘మైక్రో మినీ’ అనే జాతి లేదు. అది అమ్మేవాళ్ల మాట.

కాబట్టి కొలబద్ద పట్టుకుని మీరే వెళ్లండి. గచ్చు మీద నిలబెట్టి, తల మామూలుగా ఉంచి కొలవమనండి. గడ్డిలో నిలబెట్టి కొలిస్తే గిట్టలు గడ్డిలోకి దిగి ఓ అంగుళం మాయమవుతుంది. వయసెంతో కూడా అడగండి. ఏడాది పిల్లయితే ఎత్తులో ఇంకో పదో వంతు ఎదగాల్సి ఉంటుంది. అప్పుడు మీ 26 కాస్తా 29 అవుతుంది. నన్నడిగితే అది గుర్రానికి మంచిదే.

ఇక ఎక్కడం. గుర్రం తన బరువులో అయిదో వంతుకి మించి మోయకూడదని లెక్క. 26 అంగుళాలది 50 కిలోలుంటే గొప్ప. అంటే జీనుతో కలిపి 10 కిలోలు. మీ పాప అయిదేళ్లకి 18 కిలోలైనా ఉంటుంది. 34 అంగుళాలది, వంద కిలోలది కొన్నా ఒకటి రెండేళ్ల ముచ్చటే. అదే బండికి కడితే కథ వేరు. మంచి చక్రాలున్న చిన్న బండి, తర్ఫీదైన మినీ ఉంటే మీరూ పాపా కలిసి తిరగొచ్చు. నేను మొదటిసారి పగ్గాలు పట్టుకున్న రోజు నోట్లోంచి దానంతటదే జట్కా సాయిబు ‘హై హై’ వచ్చింది. మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు.

నా సలహా: 31, 32 అంగుళాలవి, నాలుగేళ్లు దాటినవి, విత్తులు కొట్టించిన మగవి రెండు తీసుకోండి. ఒక్కటి వద్దు. మంద జంతువు ఒంటరిగా ఉంటే గోడలు కొరుకుతుంది, రోజంతా అరుస్తుంది. ముళ్లతీగ కంచె ఉంటే తీసేసి, కుక్క దూరలేనంత సన్న గళ్ల మెష్ వేయించండి. పక్కింటి రెండు పెంపుడు కుక్కలు సరదాగా తరిమినా మినీకి ప్రాణాంతకమే. కొనేముందు నోరు తెరిపించి చూడటం మరిచిపోకండి. దవడ చిన్నదయినా పళ్ల సంఖ్య పెద్ద గుర్రానికి ఉన్నంతే, ఇరుక్కుని వంకరగా వస్తాయి. ఏటా పళ్ల డాక్టరు రావాలి. గుర్రం బుల్లిది కదా అని ఆయన ఫీజు బుల్లిగా ఉండదు.

మేడమ్ గారూ, మా దగ్గర 29 అంగుళాల ఆడది, 28 అంగుళాల మగది ఉన్నాయి. ఇంకా చిన్న పిల్లలు పుడతాయని జత కట్టించాం. ఇప్పుడు ఆడది తొమ్మిదో నెల చూడితో ఉంది. ఈనే రోజు మేం ఏం సిద్ధం చేసుకోవాలి?
– కేటీ, టెక్సాస్

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎందుకంటే 2009లో సరిగ్గా ఇదే పని నేనూ చేశాను.

28 అంగుళాల మగగుర్రం. రంగు, నడక, జూలు, దేనికీ వంక పెట్టలేం. అమ్మినాయన ‘దీని పిల్లలన్నీ బొమ్మల్లా ఉంటాయి’ అన్నాడు. వాటిలో కొన్ని ఎలా పుట్టాయో మాత్రం చెప్పలేదు. మా ఆడది ఈనింది. పిల్ల నుదురు కొబ్బరికాయలా ఉబ్బి ఉంది, ముక్కు దూలం లోపలికి నొక్కినట్టు ఉంది. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, తల్లి రొమ్ము నోటికి సరిగ్గా అందేది కాదు. సీసాతో పాలు పట్టాను. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు ‘ఎంత ముద్దుగా ఉందో’ అని ఫొటోలు తీసుకుంది. మూడో నెలకి మోకాళ్లు పక్కకి తిరిగాయి. అయిదో నెలలో లేవడం మానేసింది. డాక్టరు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు దాని తల నా ఒళ్లో ఉంది.

అది మరుగుజ్జు పిల్ల. మినీ వేరు, మరుగుజ్జు వేరు. మినీ అంటే అన్ని కొలతలూ సమంగా తగ్గిన గుర్రం. మరుగుజ్జులో ఎముక ఎదుగుదలే దెబ్బతింటుంది. ప్రపంచంలోకెల్లా చిన్న గుర్రంగా 2006లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన మిస్సోరీ థంబెలీనా, 17.5 అంగుళాలు, 26 కిలోలు, అదీ మరుగుజ్జే. కాళ్లు వంకర పోకుండా దానికి తొడుగులు వేసేవారు. ఆ ఫొటో చూసి మనసు పారేసుకున్నవాళ్లు ఆ తొడుగుల సంగతి పట్టించుకోరు.

నా రోజుల్లో తెలుసుకునే దారి లేదు. ఇప్పుడుంది. ఏసీఏఎన్ అనే జన్యువులో మరుగుజ్జుతనం తెచ్చే నాలుగు మార్పుల్ని కెంటకీ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్తించి 2018లో ప్రచురించారు. వీటిని డీ1, డీ2, డీ3, డీ4 అంటారు. ఏ జన్యువుకైనా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు నకళ్లుంటాయి. వాటిలో ఒక్క నకలు చెడిన గుర్రం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, నా మగగుర్రంలాగా. తల్లికీ తండ్రికీ చెరొకటి ఉంటే మాత్రం నాలుగింట ఒక పిల్లకి రెండూ చేరతాయి. రెండు డీ1లు కలిస్తే సాధారణంగా కడుపులోనే పోతుంది. పరీక్షకి జూలులోంచి పాతిక వెంట్రుకలు కుదుళ్లతో పీకి కవర్లో పెట్టి ల్యాబుకి పంపితే చాలు. ఈ జత విషయంలో ఆలస్యమైపోయింది. అయినా రెండిటికీ ఇప్పుడే పంపండి. వచ్చే ఏడాది సంగతి అది తేలుస్తుంది. మళ్లీ కట్టించాలనుకున్నా, ‘ఇంకా చిన్నది’ అనే మాట మీ ఇంట్లో వినబడకూడదు. ఆడదాని కటి ఎముక అంతే ఉంటుంది, పిల్ల తల అందులోంచే రావాలి.

ఇక ఈనే రోజు. చూడి దాదాపు పదకొండు నెలలు. మినీలు కొన్ని రోజులు ముందే ఈనడం మామూలు. అందుకని 300వ రోజు నుంచి కొట్టంలో కెమెరా పెట్టండి. పొదుగు రెండు మూడు వారాల ముందే నిండుతుంది. చనుమొనల మీద మైనంలాంటి బొట్టు కనబడితే ఇక ఒకటి రెండు రోజులే. ఈనేది మాత్రం రాత్రే, మీరు కాఫీ పెట్టుకోవడానికి లేచిన ఆ పది నిమిషాల్లోనే.

నీటి సంచి పగిలాక అరగంటలోపు పిల్ల బయటికి రావాలి. ముందు తెల్లటి పొర కనబడాలి. అందులో రెండు ముందు గిట్టలు, వాటి మీద ముక్కు. ఎర్రటి మఖ్మల్‌లాంటి సంచి ముందు వచ్చిందంటే మాయ తల్లి నుంచి ముందే ఊడిపోయిందన్నమాట. లోపల పిల్లకి ఊపిరి అందదు. ఫోను కోసం వెతక్కండి, ముందు కోయండి. నాకు ఇది ఒక్కసారే జరిగింది. ఫిబ్రవరి రాత్రి 2.40, ఉత్తరపు గాలి రేకుల్ని దడదడలాడిస్తోంది. కెమెరాలో ఎర్రగా ఏదో కనబడింది. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. జేబులో మొద్దు మొన కత్తెర ఉంది. ఆ సంచి అనుకున్నంత పల్చగా లేదు, తడి లెదర్ బ్యాగు కోసినట్టుంది. పిల్లని లాగి ముక్కు తుడిచి, తువ్వాలుతో రుద్దితే తుమ్మింది. అలా తుమ్మినవాడు ఇప్పుడు నా ఏడింటిలో అందరికంటే అల్లరోడు.

గంటలో లేచి నిలబడాలి, రెండు గంటల్లో ముర్రుపాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఏది తప్పినా డాక్టరుకి ఫోన్. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే ముర్రుపాల రక్షణ అందిందో లేదో తెలుస్తుంది. అన్నట్టు, మినీల కాన్పు చేసిన అనుభవమున్న డాక్టర్ని ఇప్పుడే వెతికి పెట్టుకోండి. పెద్ద గుర్రాల డాక్టరు చెయ్యి అన్నిసార్లూ లోపల పట్టదు.

అమ్మా, మా మినీకి పచ్చిక తిని తిని పొట్ట పీపాలా అయింది. మన పద్ధతిలో వారానికి రెండు రోజులు ఉపవాసం పెడితే తగ్గుతుందా?
– క్యారీ, నార్త్ కరొలినా

వద్దు బాబూ, మీరు చేయండి ఆ ఏకాదశులు, దానికి వద్దు. కొవ్వెక్కిన మినీకి ఒక్కసారిగా మేత ఆపేస్తే ఒంట్లోని కొవ్వంతా రక్తంలోకి వచ్చి పడుతుంది, కాలేయం చేతులెత్తేస్తుంది. ఒకసారి మా స్నేహితురాలి గుర్రం రెండ్రోజులు ముద్ద ముట్టకపోతే డాక్టరు రక్తం తీసి గొట్టాన్ని కిటికీలో నిలబెట్టారు. కాసేపటికి పైన తేరింది చూస్తే పల్చటి మజ్జిగలా ఉంది. చూడితో ఉన్నవాటికీ, పాలిచ్చేవాటికీ ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మినీ ఒక పూట మేత ముట్టకపోయినా ఫోన్ చేయాల్సిందే.

తగ్గించడం మెల్లగా. రోజుకి ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర వంతు ఎండుగడ్డి. అంటే 90 కిలోలదానికి కిలో 350 గ్రాములు, మూడు నాలుగు పూటలుగా. కళ్లతో అంచనా వేయకండి. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది కదా, గడ్డి వల దానికి తగిలించండి. పచ్చికలోకి వదిలినప్పుడు మూతికి చిక్కం కట్టండి. ఊళ్లో నూర్పిళ్లప్పుడు ఎడ్లకి కట్టేవాళ్లం, అలాంటిదే, అడుగున చిన్న చిల్లుతో దొరుకుతుంది. ‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అని మనవాళ్లు ఉలవ గుగ్గిళ్లు పెట్టింది రోజంతా బండి లాగే జట్కా గుర్రానికి. మీదానికి దాణా అక్కర్లేదు.

నులిపురుగుల మందు పేస్టు విషయం కూడా చెప్పాలి. ఆ సిరంజి మొత్తం సుమారు 550 కిలోల గుర్రానికి. రింగు తిప్పి మీ గుర్రం బరువు దగ్గర ఆపాకే నోట్లో పెట్టండి.

మేడమ్, మొయినాబాద్‌లో ఫామ్‌హౌస్ ఉంది. అర్జెంటీనా ఫలబెల్లా అని ఒకతను వీడియో పంపాడు. సగం డబ్బు ముందు పంపితే నెలలో ఇంటికి చేరుస్తానంటున్నాడు.
– హైదరాబాద్

పంపకండి. ఫలబెల్లా నిజమైన జాతే, బ్యూనస్ ఎయిర్స్ దగ్గర ఆ పేరుగల కుటుంబం పెంచుకుంటూ వచ్చింది. కానీ బతికున్న గుర్రం మన దేశంలోకి రావాలంటే కేంద్రం అనుమతి, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పత్రం, దిగాక క్వారంటైన్ ఉండాలి. అనుమతి కాగితం చూపించమనండి, అతని ఫోన్ నంబరు పనిచేయడం మానేస్తుంది. మన దేశపు పొట్టి గుర్రాలు మణిపురి, స్పితి, భూటియా కూడా మినీ కొలతకి చాలా పైన ఉంటాయి. కాబట్టి ఎవరైనా ‘లోకల్ మినీ’ అని చూపిస్తే, అది తిండిలేక ఎదగని పిల్ల కావొచ్చు. పక్కటెముకలు తడిమి చూడండి.

మా తమ్ముడికి చూపు లేదు, కుక్కలంటే భయం. మినీ గుర్రం దారి చూపిస్తుందని విన్నాం, నిజమా?
– ఎడిసన్, న్యూజెర్సీ

నిజమే. 2001లో మెయిన్ రాష్ట్రంలో ఒకాయన కడిల్స్ అనే మినీతో ఈ పని మొదలుపెట్టారు. 2011లో అమల్లోకి వచ్చిన అమెరికా వికలాంగుల చట్టం నిబంధనలు కూడా, కుదిరినచోట తర్ఫీదైన మినీని లోపలికి రానివ్వాలంటాయి. కుక్క ఎనిమిది పదేళ్లు పనిచేస్తే, మినీ పాతికేళ్లకు పైగా బతుకుతుంది. కానీ అపార్ట్‌మెంటులో ఉంచలేం, విమానాల వాళ్లు 2021 నుంచి కుక్కని తప్ప మరే జంతువునీ సేవా జంతువుగా ఒప్పుకోనక్కర్లేదు. మీ తమ్ముడికి పెరడు ఉంటేనే ఆలోచించండి.

లద్దె ఏం చేస్తారండీ? మా తోటలో వేయొచ్చా?
– ఆస్టిన్

రెండు మినీలకి రోజుకో చిన్న తొట్టెడు వస్తుంది. ఆర్నెల్లు కుప్ప పోసి మగ్గనిస్తే గోంగూరకి అంతకంటే మంచి ఎరువు లేదు. ఒక్క జాగ్రత్త. ఒక ఏడాది కొత్త చోట గడ్డి కొన్నాను. ఆ పొలంలో కలుపుమందు కొట్టారని తెలియదు. ఆ మందు గుర్రాన్ని ఏమీ చేయలేదు, లద్దెలోంచి తోటలోకి దిగి నా టమాటా, చిక్కుడు ఆకుల్ని పిడికిళ్లలా ముడిచేసింది. ఇప్పుడు ప్రతి కుప్పలోంచీ ఒక కుండీడు తీసి నాలుగు చిక్కుడు గింజలు వేస్తాను. మూడు వారాల్లో ఆకు తిన్నగా విప్పుకుంటే కుప్ప తోటకి, ముడుచుకుంటే కంచె అవతల పచ్చికలోకి.