నామినేషన్ వేద్దామనుకుంటున్నాను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్కారం సార్. నాకు 33 ఏళ్లు. కనిగిరి దగ్గర పల్లెటూరు మాది. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. మా నాన్న ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుం వంగిపోయి, ఇప్పుడు మంచం మీంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. క్లాసులో పిల్లల పళ్ల మీద గార చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయాం. వచ్చే ఎన్నికల్లో ఒంగోలు ఎంపీ సీటుకు ఇండిపెండెంట్‌గా నిలబడాలని గట్టిగా అనుకుంటున్నాను. డబ్బు పోతుందని మా ఆయనకు టెన్షన్. మా బావగారైతే ‘నీకు వంద ఓట్లు కూడా రావు’ అని అందరి ముందూ నవ్వారు. నాలాంటిది నిలబడొచ్చా? ఎంత ఖర్చవుతుంది?
– ఓ పాఠకురాలు, కనిగిరి మండలం

జవాబు: నిలబడొచ్చమ్మా. 25 ఏళ్లు నిండి, ఓటరు జాబితాలో పేరుంటే చాలు. ప్రైవేటు స్కూలు ఉద్యోగం అడ్డు కాదు. అయితే ఎంపీకి కాకుండా ఎమ్మెల్యేకి నిలబడమని నా సలహా.

ఎందుకో చెప్తాను. ఒంగోలు లోక్‌సభ స్థానమంటే యర్రగొండపాలెం నుంచి కొండపి దాకా ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, పదిహేను లక్షలకు పైగా ఓటర్లు. ఇండిపెండెంట్లకు గుర్తు వచ్చేది నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే. అక్కడి నుంచి పోలింగ్‌కు చట్టప్రకారం ఉండాల్సిన వ్యవధి కనీసం 14 రోజులు, మామూలుగా అంతకంటే పెద్దగా ఎక్కువ ఇవ్వరు. ఆ రెండు వారాల్లో గిద్దలూరు కొండపల్లెల్లోనూ ఒంగోలు టౌన్లోనూ మీ పేరూ గుర్తూ జనానికి ఎలా చెప్తారు? సొంత కార్లు, మనుషులు ఉన్నవాళ్లకే అది తలకు మించిన పని. పైగా మీ బాధ తాగునీటి గురించి. నీళ్లు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని విషయం. కేంద్రం జల్‌జీవన్ మిషన్ కింద డబ్బిచ్చినా, పైపులైను ఏ ఊరికి ముందు వేయాలి, ట్యాంకు ఎప్పుడు నింపాలి అనేది నడిపేది రాష్ట్ర ప్రభుత్వమే. అక్కడ గట్టిగా అడగాల్సింది కనిగిరి ఎమ్మెల్యే. మీరు తిరగగలిగింది కూడా కనిగిరే.

ఖర్చు సంగతి. అసెంబ్లీకి డిపాజిట్ 10,000 రూపాయలు, లోక్‌సభకు 25,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఇందులో సగం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గల్లంతే. కాబట్టి ఆ పదివేలు తిరిగి రావనుకునే కట్టండి. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షల వరకు ఖర్చు పెట్టొచ్చన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే. అంత పెట్టాలని ఎక్కడా లేదు. కరపత్రాలు, ఒక ఆటో, ఒక మైకు, మీతో తిరిగే నలుగురికి భోజనం: మీ ప్రచారం ఇంతే ఉండాలి. అప్పు చేయొద్దు, బంగారం కుదువ పెట్టొద్దు. ఈ ఒక్క మాట మీద మీ ఆయన పక్షమే నాది. మీ ఊరివాళ్లు తలా వంద వేసుకుంటే అది వేరే సంగతి. అలా ఇచ్చినవాడు ఓటు మరిచిపోడు.

నేను రెవెన్యూలో పనిచేసినన్నాళ్లూ నామినేషన్ల సీజన్‌లో హెల్ప్‌డెస్కులో కూర్చునేవాణ్ని. పెద్ద పార్టీల అభ్యర్థి వెంట లాయరు ఉంటాడు, ప్రతి కాగితం మూడుసార్లు చూస్తాడు. ఇండిపెండెంటు మాత్రం గడువు మూడు గంటలైతే రెండున్నరకు చెమటలు కక్కుకుంటూ వచ్చేవాడు. ఒకసారి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు. మంచివాడు, వాళ్ల కాలనీ డ్రైనేజీ కోసం నిలబడ్డాడు. తెచ్చిన పదిమంది ప్రతిపాదకుల్లో, అంటే ఆయన పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం చేసే ఓటర్లలో, ఇద్దరి ఓట్లు పక్క నియోజకవర్గంలో ఉన్నాయి. వేరే ఇద్దర్ని తెచ్చుకునే టైము లేదు. పరిశీలన రోజు నామినేషన్ తిరస్కరించారు. ఆయన మొహం నాకింకా గుర్తుంది. అందుకే ఈ భాగం మీకు కొంచెం విడమరిచి రాస్తున్నాను.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. ఇండిపెండెంటుకు పదిమంది కావాలి, పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. వాళ్ల పార్ట్ నంబరు, సీరియల్ నంబరు కొత్త ఓటరు జాబితాలో చూసి రాయండి, పాత ఓటరు స్లిప్పు చూసి కాదు. జాబితా సవరించినప్పుడల్లా నంబర్లు మారిపోతాయి. మీ పదిమందిలో వేలిముద్ర వేసే పెద్దవాళ్లుంటే ఇంటి దగ్గర వేయించుకొస్తే చెల్లదు, అధికారి ఎదుటే వేయాలి. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా నామినేషన్ వేయొచ్చు, డిపాజిట్ ఒక్కటే. వేర్వేరు ప్రతిపాదకులతో కనీసం రెండు సెట్లు వేయండి. ఒకదాంట్లో తప్పు దొర్లినా ఇంకోటి నిలబడుతుంది. చివరి రోజు దాకా ఆగకుండా మొదటి రోజో రెండో రోజో వెళ్లండి. అప్పుడైతే అధికారులకూ మీతో మాట్లాడే తీరిక ఉంటుంది.

నామినేషన్ వేశాక, రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేయాలి. ఇది మరిచిపోయి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. పరిశీలన తేదీకి ముందే ఆ ప్రమాణం అయిపోవాలి.

ఫారం 26 అఫిడవిట్ నోటరీ చేయించాలి. దాంట్లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. లేనిచోట ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాలి. ఖాళీలు వదిలేస్తే కుదరదని సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. కేసులుంటే రాయాలి, చదువు రాయాలి. మీ ఆస్తులూ అప్పులతో పాటు మీ ఆయనవి కూడా రాయాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోకి ఎక్కుతుంది, నోటీసు బోర్డు మీదికి వస్తుంది. అంటే మీ ఆయన తీసుకున్న బ్యాంకు లోనూ, ఆయన పేరిట ఉన్న ఎకరమూ ఊరందరికీ తెలుస్తాయి. ఆయనకు ఈ విషయం ముందే చెప్పండమ్మా. కాగితం చేతిలో పెట్టి సంతకం చేసే రోజున చెప్పకండి.

ఎన్నికల ఖర్చు కోసం నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఏ రోజు ఖర్చు ఆ రోజే రిజిస్టర్లో రాసుకోవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు లెక్కలు అప్పజెప్పాలి. ఓడిపోయాం కదా ఇంకెందుకని చాలామంది వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్లను ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హులుగా ప్రకటించవచ్చు. వచ్చినవి వంద ఓట్లే అయినా లెక్క ఇచ్చి తీరాలి.

ఇక మీ బావగారి నవ్వు. ఫ్లోరైడ్ మీద ఓటు పోరాటం చేసినవాళ్లు మీకంటే ముందు ఉన్నారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో జలసాధన సమితి పిలుపు మీద జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా పడింది. వాళ్లలో ఎవరూ గెలుస్తామని నిలబడలేదు, మా నీళ్ల గురించి దేశానికి తెలియాలని నిలబడ్డారు. తెలిసింది కూడా. అప్పటిదాకా లోక్‌సభకు 500 రూపాయలున్న డిపాజిట్‌ను అదే ఏడాది పదివేలకు పెంచారు, ఇండిపెండెంటుకు పదిమంది ప్రతిపాదకుల నిబంధనా అప్పుడే వచ్చింది. గొంతు వినపడినందుకు గుమ్మం ఎత్తు పెంచారు. నాకైతే అది న్యాయంగా తోచదు.

2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు కూడా ఆ బాటే పట్టారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. రైతుల్లో ఒక్కరూ గెలవలేదు కానీ పసుపు బోర్డు అనే మాటను ఆ తర్వాత ఏ పార్టీ పక్కన పెట్టలేకపోయింది. 2025 జనవరిలో బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది.

ఇంకో ఉదాహరణ కూడా చెప్పాలి, అది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. 2023 తెలంగాణ ఎన్నికల్లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరొందిన శిరీష ఈల గుర్తు మీద నిలబడింది. నిరుద్యోగుల గొంతుగా రాష్ట్రమంతా ఆమె పేరు మోగింది, ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి ప్రచారం చేశారు. వచ్చినవి ఐదు వేల పైచిలుకు ఓట్లు. డిపాజిట్ దక్కలేదు. ఫోన్లో వీడియో చూసి మెచ్చుకునేవాళ్లలో ఆ నియోజకవర్గం ఓటర్లు ఎంతమంది ఉంటారు చెప్పండి.

మరి పార్టీ లేకుండా గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. సత్తెనపల్లి నుంచి వావిలాల గోపాలకృష్ణయ్య గారు ఇండిపెండెంట్‌గా గెలిచి అసెంబ్లీకి వెళ్లారు. ఆయన నీళ్ల మనిషే, నందికొండ (నాగార్జునసాగర్) ప్రాజెక్టు కోసం ఊరూరా తిరిగినవాడు. ఓటు అడగడానికి వచ్చేసరికే ఆ ఇంటివాళ్లకు ఆయన ఎవరో తెలుసు. మీకు 2029 దాకా టైముంది. ఈలోపు మీ మండలంలో ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంత ఉందో పరీక్ష చేయించి కాగితం తెప్పించండి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. ఏ ఊరి ఆర్వో ప్లాంటు మూలపడిందో, ఎందుకు మూలపడిందో రాసి పెట్టుకోండి. సమాచార హక్కు కింద అడిగితే ఏ పథకానికి ఎంత మంజూరైందో, ఎంత ఖర్చయిందో చెప్పాల్సిందే. ఆ కాగితాలు పట్టుకుని గ్రామసభకు వెళ్లండి. మీ దగ్గర చదువుకున్న పిల్లల ఇళ్లే మీ మొదటి బూత్ కమిటీ. అప్పటికి వచ్చేవి ఎన్ని ఓట్లైనా, అవి మీ పేరు తెలిసి వేసిన ఓట్లవుతాయి. పోలింగ్ రోజు ప్రతి బూత్‌కూ ఏజెంటు దొరకడం ఇండిపెండెంటుకు ఎప్పుడూ కష్టమే, ఆ మనుషులు కూడా ఈ తిరుగుడులోనే దొరుకుతారు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మన ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారి గురించి చెప్తుంటే మా మనవడు ‘మామూలు మనిషి రాష్ట్రపతికి పోటీ చేయొచ్చా తాతా’ అని అడిగాడు. ఏం చెప్పమంటారు?
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: 35 ఏళ్లు నిండిన పౌరుడెవరైనా అర్హుడేనని చెప్పండి. అయితే నామినేషన్ మీద 50 మంది ప్రతిపాదిస్తూ, మరో 50 మంది బలపరుస్తూ సంతకాలు చేయాలి. ఆ వందమందీ ఆ ఎన్నికలో ఓటున్న ఎంపీలో ఎమ్మెల్యేలో అయి ఉండాలి. డిపాజిట్ 15,000 రూపాయలు. ఈ నిబంధన 1997 నుంచి ఉంది. అంతకుముందు ఇంత కష్టం కాదు. 1967లో 17 మంది పోటీ చేశారు, వాళ్లలో ఒక్క ఓటూ పడనివాళ్లున్నారు. 1974లో పదీ పది సంతకాల నియమం పెట్టారు. మీ సంజీవరెడ్డి గారు ఏకగ్రీవమైన 1977లో నామినేషన్లు వేసింది 37 మంది, 36 తిరస్కరించారు.

ఇండిపెండెంటు గెలిచిన సందర్భం కూడా మనవడికి చెప్పండి. 1969లో మన తెలుగువాడే అయిన వి.వి. గిరి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి గారి మీదే గెలిచారు, అదీ రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక. కాకపోతే గిరి గారు అప్పటికే ఉపరాష్ట్రపతి, వెనక ఇందిరాగాంధీ ఉన్నారు. వాళ్లిద్దరూ ఎక్కిన మెట్లలో చాలావరకు అసెంబ్లీలోనూ లోక్‌సభలోనూ ఉన్నాయి. పిల్లవాడికి ఆసక్తి ఉంటే అక్కణ్నుంచి మొదలుపెట్టమనండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను. ఓసీఐ కార్డు ఉంది. మా ఊరు వచ్చి ఎమ్మెల్యేగా పోటీ చేయొచ్చా?
– ఓ పాఠకుడు

జవాబు: కుదరదండి. ఓసీఐ అంటే వేరే దేశం పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు. దాంతో ఇక్కడ ఓటే ఉండదు, ఇక పోటీ ఎక్కడిది. ఐదేళ్లుగా ఓసీఐ ఉండి, కనీసం ఏడాది ఇక్కడే నివసిస్తే భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అది వస్తే అమెరికా పౌరసత్వం వదులుకోవాల్సిందే. మీ స్నేహితుల్లో గ్రీన్ కార్డు మీద భారత పాస్‌పోర్టుతోనే ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఫారం 6ఏ పెట్టుకుని సొంతూరి జాబితాలో పేరు చేర్చించుకోవచ్చు, పోటీ కూడా చేయొచ్చు, ఓటు వేయడానికి మాత్రం స్వయంగా రావాలి. మీరు అమెరికా పౌరులు కాబట్టి అక్కడి తలుపు తెరిచే ఉంది. ప్రతినిధుల సభకు 25 ఏళ్లు, ఏడేళ్ల పౌరసత్వం, సెనేట్‌కు 30 ఏళ్లు, తొమ్మిదేళ్ల పౌరసత్వం ఉండాలి, ఎన్నికయ్యేనాటికి ఆ రాష్ట్రంలోనే నివసిస్తూ ఉండాలి. పుట్టుకతోనే అమెరికా పౌరులై ఉండాలన్న నియమం అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే.