స్టాంపింగ్‌కు వెళ్లి ఇరుక్కుంటే: హైదరాబాద్ నుంచి అమెరికా ఆఫీసు కంప్యూటర్

వీసా స్టాంపింగ్‌కు హైదరాబాద్ బయలుదేరే కొత్తవాళ్లు వచ్చేటప్పుడు తెచ్చుకోవలసిన పచ్చళ్ల జాబితా నెల ముందే రాసుకుంటారు. ఆఫీసు కంప్యూటర్ సంగతి మాత్రం విమానం ఎక్కాక గుర్తొస్తుంది. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగిశాక చేతిలో 221(జి) కాగితం, అంటే వీసా నిర్ణయం ఇంకా తేలలేదనే చీటీ, పెట్టారంటే, రెండు వారాల సెలవు ఎన్నాళ్లకు సాగుతుందో చెప్పలేం. అప్పుడిక ఆఫీసు కంప్యూటర్‌ను దూరం నుంచే తెరిచి వాడుకునే రిమోట్ డెస్క్‌టాపే గతి. అది పలకకపోతే మనం మొదట అనే మాట, "ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుపడుతోంది" అని. ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్ గుమ్మం దగ్గరి కాపలాదారు.

నేనూ అదే అన్నాను. కూకట్‌పల్లిలో మా నాన్నగారి ఇంట్లో కూర్చుని, న్యూజెర్సీలో ఉన్న మా నెట్‌వర్క్ నిర్వాహకుడిని మూడు రాత్రులు సతాయించాను. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్లే భద్రమైన దారి వీపీఎన్ చక్కగా కలుస్తోంది, ఆఫీసు కంప్యూటర్ మాత్రం దొరకడం లేదు. ఫైర్‌వాల్ రాకపోకలు రాసిపెట్టే తన లాగ్‌లో నా జాడే లేదని ఆయన, ఉండి తీరాలని నేను. మూడో రాత్రి ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు: మీ ఇంటి రౌటర్ అడ్రసు ఎంత? చూస్తే 192.168.1.1. మా ఆఫీసులోని కంప్యూటర్ల అడ్రసులు కూడా 192.168.1తోనే మొదలవుతాయి. గుట్టంతా అక్కడే ఉంది.

ఒకే ఇంటి నంబరు రెండు కాలనీల్లో ఉంటే ఏమవుతుందో హైదరాబాద్‌లో అడ్రసు వెతికినవారికి చెప్పనక్కరలేదు. ఆఫీసులోని 192.168.1.25 కావాలని నేనడిగితే, అది మన వీధిలోదేనని నమ్మి ల్యాప్‌టాప్ ఇంట్లోనే వెతుక్కుంటోంది. వీపీఎన్ గుమ్మం వైపు తొంగి చూడడం లేదు. ఫైర్‌వాల్ దాకా ఏదీ వెళ్లనప్పుడు దాని లాగ్‌లో ఏముంటుంది? అడ్రసులు వేరుగా ఉండే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారగానే ఆఫీసు తెర ప్రత్యక్షమైంది. మర్నాడు రౌటర్ సెట్టింగుల్లో ఇంటి అడ్రసులను 192.168.77కు మార్చాను. ఆ మార్పుకు టీవీ నెట్ పోయి, అమ్మ చూసే సీరియల్ సరిగ్గా కీలక ఘట్టంలో ఆగిపోయింది. ఆ తిట్లు వేరే లెక్క.

అందుకే ముందు తెగింది ఎక్కడో పట్టుకోండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే పెట్టె వచ్చిందంటే దారి బాగానే ఉన్నట్టు. ఆ తరువాత తిరస్కరిస్తే అది మీ ఖాతాకు అనుమతి లేకపోవడమో, పాస్‌వర్డ్ గడువు తీరడమో. ఆ పెట్టే రాకపోతే వీపీఎన్ కలిసి ఉండగా విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశంతో ఆ కంప్యూటర్ 3389 పోర్టును, అంటే ఆ నంబరు తలుపును, తట్టి చూడండి. మామూలుగా రిమోట్ డెస్క్‌టాప్ వినేది ఆ పోర్టులోనే. కంప్యూటర్ పేరుతో కుదరక, అంకెల అడ్రసుతో కుదిరితే తప్పు పేరును అడ్రసుగా మార్చే డీఎన్ఎస్‌ది. తట్టిన వెంటనే అటునుంచి కాదని జవాబొస్తే సాధారణంగా కంప్యూటర్ మేలుకునే ఉంది, ఆ సేవ నడవడం లేదు. చాలాసేపు ఉలుకూ పలుకూ లేకపోతే ఫైర్‌వాల్ మింగేస్తోంది, లేదా కంప్యూటర్ నిద్రపోయింది. ఈ ముక్కలతో పాటు ప్రయత్నించిన సమయాన్ని అమెరికా గడియారం ప్రకారం రాసి పంపితే నిర్వాహకుడు పది నిమిషాల్లో తేలుస్తాడు. "పని చేయడం లేదు" అని మూడు మెయిళ్లు పంపితే మూడు రోజులు పడుతుంది.

కొందరు నిర్వాహకులు "మీ ఐపీ అడ్రసు పంపండి, అనుమతిస్తాను" అంటారు. ల్యాప్‌టాప్‌లో కనిపించే 192.168 అంకెలు పంపకండి, అవి ఇంటి గోడ దాటితే చెల్లవు. బయటి ప్రపంచానికి కనిపించేది వేరు. అదైనా మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో మీ ఒక్కరిదే కాదు. రౌటర్ బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ పబ్లిక్ అడ్రసును ఇంకెంతోమంది చందాదారులు పంచుకుంటున్నట్టే. అనుమతి మీకిస్తే వాళ్లందరికీ ఇచ్చినట్టవుతుంది.

ఇక ఇంటర్నెట్ వైపు 3389 నేరుగా తెరిచేయమని మాత్రం ఎవరినీ బతిమాలకండి. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, మద్దతు ఎప్పుడో ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేయవలసి వచ్చింది. పాస్‌వర్డ్ అవసరం లేకుండానే కంప్యూటర్‌లోకి దూరగల లోపం అది. పోర్టు నంబరు మార్చేస్తే సరిపోతుందని కొందరంటారు. వెతికేవాడు అన్ని నంబర్లూ తడతాడు, ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి! వీపీఎన్ ఉంటే అది, లేదంటే 443 పోర్టు మీద నడుస్తూ మధ్యవర్తిలా మిమ్మల్ని లోపలికి చేర్చే రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే అడగండి. వెబ్‌సైట్లు వాడే పోర్టే కనుక హోటల్ వైఫైలోనూ తరచుగా సాగిపోతుంది.

బయలుదేరే ముందే చేయవలసినవీ ఉన్నాయి. ఇండియా నుంచి పని చేయడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి; చాలా ఆఫీసులు విదేశాల నుంచి వచ్చే లాగిన్లను మూసి ఉంచుతాయి. రెండో అంచె కోడ్ అమెరికా సిమ్‌కు మెసేజ్‌గా వచ్చేలా ఉంటే ఆథెంటికేటర్ యాప్‌కు మార్చుకోండి. రోమింగ్ లేని సిమ్ శంషాబాద్‌లో దిగగానే మూగబోతుంది. ఆఫీసు కంప్యూటర్ నిద్రపోకుండా సెట్టింగు మార్చండి. ఆన్ చేయగానే, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ పిన్ అడిగేలా ఉంటే రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాని ముందు కూర్చోవాలి.

పని ముగిశాక డిస్‌కనెక్ట్ నొక్కండి, షట్‌డౌన్ కాదు. ఒక మిత్రుడు చలికాలంలో, శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు, నిద్రమత్తులో షట్‌డౌన్ నొక్కాడు. న్యూజెర్సీలో అప్పుడు శుక్రవారం సాయంత్రం ఆరు, ఆఫీసులో పురుగు లేదు. అక్కడ సోమవారం ఉదయం తొమ్మిదికి ఎవరో వచ్చి మీట నొక్కేసరికి ఇక్కడ రాత్రి ఏడున్నర. రెండున్నర రోజులు అమీర్‌పేటలో పెసరట్లు తింటూ, మేనేజరుకు ఏం చెప్పాలా అని ఆలోచించాడు.