డిక్కీ తెరుచుకోకపోతే షీటు కోయించొద్దు

కర్నూలు నుంచి ఒక తమ్ముడు అడిగిన సమస్య ఇది. పాత సెడాన్ కారు. డ్రైవర్ సీటు పక్కనున్న డిక్కీ లివర్ లాగితే వదులుగా పైకి వచ్చేస్తోంది, వెనక ఏ చప్పుడూ లేదు. తాళంచెవి పెడితే తిరగడం లేదు. టింకరింగ్ షాపులో అడిగితే షీటు కోసి తెరవాలన్నారట.

తమ్ముడూ, ఆ పని మాత్రం చేయించొద్దు. ఒకసారి కోసి వెల్డింగ్ పెట్టాక డిక్కీ మూత సరిగ్గా కూర్చోదు. బీడింగ్ (అంచు చుట్టూ ఉండే రబ్బరు) ఆనదు, వాన నీళ్లు లోపలికి దిగుతాయి, తుప్పు మొదలవుతుంది. నువ్వు చెప్పిన లక్షణాలే నా కారుకీ వచ్చాయి. షీటు మీద గీత కూడా పడకుండా తెరిచాను.

మాది అనంతపురం, పొలం శింగనమల వైపు. రెండేళ్ల కిందట జూన్‌లో మంచి వాన పడింది. విత్తన చెనిక్కాయలు 30 కిలోల మూటలు మూడు కారులో వేసుకుని బయలుదేరాను. రెండు మూటలు పడుకోబెట్టాను, మూడోది పట్టక నిలబెట్టి, మూతను రెండు చేతులతో అదిమి వేశాను. తప్పంతా అక్కడే జరిగింది. సాయంత్రం ఊరికి చేరి లివర్ లాగితే పుటుక్కుమని ఏదో తెగింది. లివర్ చేతిలో వేలాడింది. మర్నాడు పొద్దున్నే విత్తే గొర్రుతో ట్రాక్టర్ రావాలి. మావి ఎర్ర నేలలు, పదును, అంటే విత్తడానికి తగిన తడి, రెండు రోజులు నిలిస్తే గొప్ప. పక్కింటాయన గడ్డపార తెచ్చాడు. మా నాన్న కూడా "కారు పోతే పోయె, పదును పోతే మళ్లీ రాదురా" అన్నాడు. ఆ టెన్షన్ ఎలాంటిదో మన జిల్లాల్లో సేద్యం చేసేవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

ఎందుకు తెగిందో తెలిస్తే ఎలా తెరవాలో తెలుస్తుంది. డిక్కీ లాక్‌లో ఒక కొక్కెం ఉంటుంది, అది కింద బాడీకి ఉన్న ఇనుప కడ్డీని పట్టుకుంటుంది. ఆ కొక్కెం వెనక్కి తిరగకుండా చిన్న పలక అడ్డుగా నిలబడుతుంది. లివర్ లాగితే కేబుల్ ఆ పలకను పక్కకు లాగుతుంది, కొక్కెం వదిలేస్తుంది. లోపలి మూట మూతను పైకి తోస్తుంటే కొక్కెం ఆ పలక మీద బిగుసుకుని ఉంటుంది. అప్పుడు లాగడానికి మామూలు కన్నా చాలా బలం కావాలి. ఏళ్ల తరబడి లోపల దుమ్ము పేరుకున్న పాత కేబుల్ ఆ బలానికి తెగిపోతుంది. అనంతపురంలో ఏడాదికి పడే వానే 550 మిల్లీమీటర్ల చుట్టూ, మిగతా కాలమంతా దుమ్మే. లాక్‌లోకీ కేబుల్ తొడుగులోకీ చేరేది అదే.

అందుకే ముందు లివర్ ఎలా ఉందో చెయ్యి పెట్టి చూడాలి. గట్టిగా బిగుసుకుని ఉంటే కేబుల్ బాగానే ఉన్నట్టు, లాక్ దగ్గరే పట్టేసింది. ఒకరు మూతను కిందికి గట్టిగా అదిమి పట్టుకుంటే ఇంకొకరు లివర్ లాగాలి. చాలా కార్లు దీనికే తెరుచుకుంటాయి. లివర్ మామూలుగా ఉండి, వెనక టక్‌మని వినిపించి కూడా మూత లేవకపోతే ఎండకు బీడింగ్ అతుక్కుపోయి ఉంటుంది, అంచుల కింద అరచేతులు పెట్టి మెల్లగా పైకి లేపాలి. బటన్‌తో తెరుచుకునే కారైతే ముందు బ్యాటరీ, ఫ్యూజు చూసుకోవాలి. ఆ తర్వాత చూడాల్సింది మూత కీలు దగ్గర రబ్బరు గొట్టంలో వెళ్లే వైర్లు. మూత లేచినప్పుడల్లా వంగి వంగి అవి అక్కడే తెగుతాయి.

నీది వదులైంది కాబట్టి కేబులన్నా తెగి ఉండాలి, దాని కొసన్నా ఊడి ఉండాలి. డ్రైవర్ వైపు గడప మీది ప్లాస్టిక్ పట్టీ లేపి, కార్పెట్ పక్కకు తీస్తే లివర్ బోల్టులు కనిపిస్తాయి. విప్పి చూడు. కేబుల్ కొసనున్న గుండు లివర్ గాడిలోంచి జారి ఉంటే, లోపలి తీగను నోస్ ప్లయర్‌తో పట్టి లాగితే చాలు. లివర్ దగ్గరే తెగినా అదే పద్ధతి. లాగితే తీగ మొత్తం చేతికి వచ్చేస్తే మాత్రం తెగింది వెనక, లాక్ దగ్గర. నాకు జరిగింది అదే.

ఇక దారి వెనక సీటు నుంచే. కూర్చునే సీటు ముందు అంచును రెండు మూలలా పట్టి గట్టిగా పైకి లాగితే క్లిప్పులు వదులుతాయి. వీపు ఆనే సీటుకు కింద బోల్టులుంటాయి. అవి విప్పి, సీటును పైకెత్తితే కొక్కేల నుంచి ఊడివస్తుంది. నేను టార్చ్ నోట్లో పెట్టుకుని మూటల మీదుగా పాక్కుంటూ వెళ్లాను. లాక్ మీది ప్లాస్టిక్ కప్పు తీశాక, కేబుల్ తగిలించే చిన్న ఇనుప చెవి కనిపించింది. మా తమ్ముణ్ణి బయటి నుంచి మూత అదమమని, ఆ చెవిని స్క్రూడ్రైవర్‌తో కేబుల్ లాగే వైపుకు నెట్టాను. మూత లేచింది. మొత్తం గంటన్నర పట్టింది. మర్నాడు విత్తనం వేళకే పడింది.

నీ కారులో సీఎన్‌జీ సిలిండర్ ఉంటే మాత్రం అటు నుంచి వెళ్లొద్దు. పైపులకు చెయ్యి తగలకూడదు, కిట్ వేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లు.

తాళంచెవి తిరగకపోవడానికి కారణం వేరు. ఏళ్ల తరబడి వాడకపోతే లోపల దుమ్ము గట్టిపడుతుంది. బలం పెడితే తాళంచెవి విరిగి అందులోనే ఉండిపోతుంది. పల్చటి లూబ్రికెంట్ స్ప్రే కొట్టి, పావుగంట ఆగి, తాళంచెవిని లోపలికీ బయటికీ ఆడిస్తూ చూడు. కొబ్బరి నూనె పోయొద్దు, అది దుమ్మును ఇంకా పట్టేస్తుంది.

మూత తెరుచుకున్నాక సంతోషంలో వెంటనే వేసేయకు. మూత పైకి ఉండగానే లాక్ కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసి, కొత్త కేబుల్‌తో లివర్ లాగి చూడాలి. మూడుసార్లు తెరుచుకుంటేనే మూత దించాలి. నాకు కేబుల్‌కు 450 రూపాయలు, వేయించడానికి 300 అయ్యాయి. లాక్‌ను స్ప్రేతో కడిగి, కొంచెం గ్రీజే రాయించాను. ఎక్కువ పూస్తే మన దుమ్ముకు ముద్ద కడుతుంది.

ఇంకో మాట, ఇది నాకు ముఖ్యం. ఆ రాత్రి లోపల పాకుతున్నప్పుడు అక్కడ గాలి ఆడదని, ఎంత ఉక్కగా ఉంటుందో తెలిసింది. ఇంట్లో చిన్న పిల్లలుంటే డిక్కీ తెరిచి వదిలేయొద్దు, ఆటలో ఎక్కి మూసుకుంటే ఎండలో ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి తయారయ్యే డిక్కీ కార్లలో లోపలి నుంచి తెరుచుకునే పిడి తప్పనిసరి చేశారు. నా కారులో అది లేదు. కొత్త కేబుల్ వచ్చేదాకా లాక్ చెవికి ఒక నైలాన్ తాడు కట్టి, సీటు సందులోంచి లోపలికి తెచ్చుకున్నాను. కేబుల్ వేయించాక కూడా ఆ తాడు తీయలేదు, డిక్కీలో చేతికందేలా వేలాడుతూనే ఉంటుంది. లాగితే తెరుచుకుంటుందని మా పిల్లలిద్దరికీ చూపించాను.