తాతగారి పాకెట్ పిస్టల్: లైసెన్స్ అక్కర్లేదా?

ప్రశ్న: మాది విశాఖ మహారాణిపేట. తాతగారు ఓ దొర దగ్గర కొన్న పాకెట్ పిస్టల్ నాన్నగారి నుంచి నాకొచ్చింది. మూతిలోంచి మందు కూరే రకం, సుత్తి కదలదు. నాన్నగారు 2018లో పోయారు. లైసెన్స్ కాగితాలేవీ దొరకలేదు. ఏటా ఆయుధపూజలో పెడతాం. ఇప్పుడు ఆస్తి తగాదాలో తమ్ముడు పోలీసులకు చెబుతానంటున్నాడు. తోడబుట్టినవాడే ఇలా చేస్తే ఏం చేయాలి?

జవాబు: తమ్ముడి సంగతి పక్కన పెట్టండి. కేసును తేల్చేది ఒక్కటే: ఆ పిస్టల్ మరమ్మతు చేస్తే పేలుతుందా? ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 45(సి) పాతకాలపు ఆయుధాలను మినహాయించిన మాట నిజమే. కానీ మరమ్మతు చేసినా పేలనివై ఉండాలి. సుత్తి స్ప్రింగు విరిగినా, మందు అంటించే క్యాప్ తొడిగే చిన్న గొట్టం (నిపుల్) తుప్పుతో పూడుకుపోయినా, అవి మార్చి బిగిస్తే పేలుతుంది. అప్పుడు ఈ మినహాయింపు మీకు దక్కదు. గొట్టమే పగిలి, తుప్పు లోపలంతా తినేసి ఉంటే వేరు. అది చెప్పాల్సింది తుపాకులను పరీక్షించే బాలిస్టిక్ నిపుణుడు. క్యూరియోలను, అంటే అపురూపమైన పాత వస్తువులుగా లెక్కకొచ్చే తుపాకులను ఉంచుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదని 2020లో నిబంధనలు సవరించారు గానీ, మీది క్యూరియో అని మీరే తేల్చేసుకుంటే చెల్లదు. దాన్ని బయటికి తీసుకెళ్లాలంటే ఎలాగూ లైసెన్స్ కావాలి.

ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదన్న ధీమా వదలండి. లైసెన్స్ లేని తుపాకీకి 2019 సవరణ తర్వాత శిక్ష రెండు నుంచి ఐదేళ్లు. మూడేళ్లు మించి శిక్ష పడే నేరానికి కాలపరిమితి అడ్డురాదు. పైగా ఇది కొనసాగే నేరం. నాన్నగారు పోగానే సెక్షన్ 21 కింద స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాల్సింది. అది మానేసి ఏటా బొట్టు పెట్టి పూజ చేశారు. ఇంత నిర్లక్ష్యం పనికిరాదు. ఆ పూజ ఫొటోలు ఫోన్లో ఉంటే, తెలిసే ఉంచుకున్నారనడానికి అదే సాక్ష్యం. అలాగని ఇప్పుడు చెరిపేయకండి.

సముద్రంలో పడేద్దామనో, లేత్ షాపులో గొట్టం కోయిద్దామనో, బంధువుకిచ్చేద్దామనో ఎవరైనా చెబితే అస్సలు వినకండి. లైసెన్స్ లేకుండా గొట్టం పొట్టి చేయడం సెక్షన్ 6కు, మరమ్మతుకివ్వడం, అమ్మడం, చేతులు మార్చడం సెక్షన్ 5కు వస్తాయి. వాటికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. పడేస్తే సాక్ష్యం మాయం చేశారన్న కేసు అదనం.

తమ్ముడి ఫిర్యాదు కంటే ముందు మీ ఉత్తరం చేరాలి. ఒక లాయరు చేత రాయించి పోలీస్ స్టేషన్ ఇన్‌చార్జి అధికారికి (ఎస్‌హెచ్‌ఓ) ఇచ్చి, రెండో ప్రతిపై తేదీతో స్టాంపు వేయించుకోండి. అదే రోజు పోలీస్ కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకున్నారన్న సెక్షన్ 3 కేసు నడపాలంటే సెక్షన్ 39 కింద జిల్లా మేజిస్ట్రేట్ మంజూరు కావాలి. కమిషనరేట్ పరిధిలో ఆ అధికారం కమిషనర్‌దే. మీ అంతట మీరే ముందుకొచ్చారని ఆయనకు చూపే కాగితం ఈ ఉత్తరమే. పిస్టల్ ఎవరి ద్వారా వచ్చింది, నాన్నగారి మరణ తేదీ, పొడవు, గొట్టం అడుగున కనిపించే ప్రూఫ్ ముద్రలు (తయారీలో పరీక్షించినట్టు కొట్టే గుర్తులు), ఇంతవరకే రాయండి. దాన్ని బండిలో పెట్టుకుని వెళ్లకండి, ఇంటికొచ్చి పంచనామా రాసి తీసుకెళ్లమనండి. కూరిన మందు ఇంకా లోపలే ఉండొచ్చు, సుత్తి లాగకండి, నిప్పు దగ్గరికి చేర్చకండి. డిపాజిట్ రసీదు, బాలిస్టిక్ పరీక్ష రెండూ రాతపూర్వకంగా అడగండి.

పేలదని తేలితే తిరిగి ఇమ్మని కోరవచ్చు. పేలుతుందంటే, ఆయుధాల నిబంధనలు, 2016లోని రూల్ 25 కింద వారసుడిగా లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టండి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నో అబ్జెక్షన్ అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. తాతగారి పాత లైసెన్స్ కోసం కలెక్టరేట్‌లో ఆర్‌టీఐ వేయండి. డిపాజిట్ చేసినంత మాత్రాన హక్కు పోదు, వాటాల సంగతి సివిల్ కోర్టు చూస్తుంది. తమ్ముడు సంతకం పెట్టేదాకా డిపాజిట్ మాత్రం ఆపకండి.