గేమ్ వేశాక మిగతా సాఫ్ట్‌వేర్లు మొరాయిస్తుంటే...

ప్రశ్న: విండోస్ 11 ఉన్న కంప్యూటర్‌లో ఒక గేమ్ ఇన్‌స్టాల్ చేశాం. గేమ్ బాగానే నడిచింది. అప్పటి నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవబోతే 0ఎక్స్‌సి000007బి అనే ఎర్రర్ వస్తోంది. ఫొటోలు సరిదిద్దే ప్రోగ్రామ్ క్షణం కనిపించి, ఏ మెసేజీ ఇవ్వకుండా మూసుకుపోతోంది. గేమ్ తీసేసినా మార్పు లేదు. విండోస్ మళ్లీ వేయించక తప్పదా?

జవాబు: అక్కర్లేదు. గేమ్ తీసేసినా తేడా రాలేదంటే, పాడైనది గేమ్ ఫోల్డర్‌కు బయట ఉంది. గేమ్ ఇన్‌స్టాలర్ అడ్మినిస్ట్రేటర్ అనుమతితో నడుస్తూ, తన ఫైళ్లతోపాటు ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్, గ్రాఫిక్స్‌కు కావాల్సిన డైరెక్ట్‌ఎక్స్ వంటివి కూడా వేస్తుంది. ఇవి అన్ని ప్రోగ్రాములకూ ఉమ్మడి. అందుకే గేమ్‌ను తీసేసినప్పుడు అవి పోవు, పోకూడదు కూడా. సక్రమంగా తయారైన ఇన్‌స్టాలర్ కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ ఉంటే దాని జోలికి వెళ్లదు. శ్రద్ధ లేకుండా కట్టిన ప్యాకేజీలు మాత్రం పాత డీఎల్‌ఎల్ ఫైళ్లను (ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఉండే ఫైళ్లు) నేరుగా సిస్టమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసేస్తాయి. మీరు చెప్పిన రెండు లక్షణాలూ దీనికి సరిపోతాయి.

0ఎక్స్‌సి000007బి సాధారణంగా వచ్చేది 64 బిట్ ప్రోగ్రామ్‌కు 32 బిట్ డీఎల్‌ఎల్ తగిలినప్పుడు, లేదా అటుది ఇటు అయినప్పుడు. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్ ఫైళ్లు ఉండేది సిస్‌వావ్64లో. పేర్లు తలకిందులుగా కనిపిస్తాయి కాబట్టి చేత్తో ఫైళ్లు కాపీ చేసేవాళ్లు సరిగ్గా తప్పు ఫోల్డర్‌లోనే పెడతారు. కాబట్టి డీఎల్‌ఎల్ ఫైళ్లు ఉచితంగా ఇస్తామనే సైట్ల నుంచి ఒక్క ఫైలు కూడా తేవద్దు. అది ఏ వెర్షనో, అందులో ఏం కలిపారో తెలుసుకునే దారి మీకు ఉండదు.

రెండో ప్రోగ్రామ్ సంగతి విండోసే రాసి పెట్టి ఉంటుంది. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్. ప్రోగ్రామ్ మూసుకుపోయిన సమయానికి 1000 నంబరుతో ఎరుపు గుర్తున్న ఎర్రర్ ఉంటుంది. దాని కింద ‘ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్’ అన్న వరుసలో ఉన్న పేరు రాసుకోండి. మరమ్మతు ఆ పేరును బట్టే.

అక్కడ ఎంఎస్‌వీసీపీ140 (విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్‌లోని ఒక డీఎల్‌ఎల్) అని ఉంటే, సిస్టమ్32లో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో వెర్షన్ చూడండి. 2024లో వచ్చిన 14.40 వెర్షన్‌కు ముందూ వెనకా ఒక తేడా ఉంది. ఆ వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో (ప్రోగ్రాములను తయారుచేసే సాధనం) మ్యూటెక్స్ అనే భాగం, అంటే ఒకేసారి జరిగే పనులు ఒకదానికొకటి అడ్డురాకుండా చూసేది, తయారయ్యే పద్ధతి మారింది. కొత్త కంపైలర్‌తో కట్టిన ప్రోగ్రామ్‌కు పాత ఎంఎస్‌వీసీపీ140 ఎదురైతే మాట లేకుండా కూలిపోవచ్చు. పాత ప్రోగ్రాములు కొత్త ఫైలుతో నడుస్తాయి, కొత్తవి పాత ఫైలుతో నడవకపోవచ్చు. ఒక్క పాత ఫైలు వచ్చి పడితే కొన్ని ప్రోగ్రాములే చెడి, మిగతావి మామూలుగా ఉండటానికి కారణం ఇదే.

మరమ్మతుకు మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తాజా విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ తెచ్చుకోండి. ఎక్స్86, ఎక్స్64 రెండూ కావాలి. కంప్యూటర్ 64 బిట్ కదా అని మొదటిది వదిలేస్తే 32 బిట్ ప్రోగ్రాములు అలాగే ఉండిపోతాయి. ఒక్కొక్కటి నడిపినప్పుడు ‘రిపేర్’ అని కనిపిస్తే అదే నొక్కండి. ‘ఇప్పటికే మరో వెర్షన్ ఉంది’ అని ఆగిపోతే, కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రాముల జాబితాలో ఆ రన్‌టైమ్‌ను ఎంచుకుని, చేంజ్ నొక్కి రిపేర్ చేయండి. ఆ జాబితాలో 2008, 2010, 2013 అని విడివిడిగా కనిపించేవాటిని పాతవని తీసేయవద్దు. 2015 నుంచి 2022 వరకూ ఉన్నవి ఒకే కుటుంబం, అంతకుముందువి దేనికదే. ఆఖరున రీస్టార్ట్.

అప్పటికీ కుదరకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డిజమ్ రీస్టోర్‌హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), అది పూర్తయ్యాక ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ (sfc /scannow) అనే కమాండ్లు నడపండి. ఇవి విండోస్ సొంత ఫైళ్లను సరిచేస్తాయి. రన్‌టైమ్ ఫైళ్లు వాటి లెక్కలోకి రావు, కనుక ఈ రెండింటితోనే మొదలుపెట్టి ‘ఏ లోపమూ లేదు’ అన్న జవాబు చూసి ఆగిపోకండి.

ఫాల్టింగ్ మాడ్యూల్‌గా గేమ్ లాంచర్‌కో, స్క్రీన్ రికార్డింగ్‌కో చెందిన ఓవర్‌లే ఫైలు కనిపిస్తే సమస్య వేరు. ఓవర్‌లే తెర మీద గీయడానికి ఇతర ప్రోగ్రాముల్లోకి కూడా దూరుతుంది. లాంచర్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేస్తే చాలు.

సిస్టమ్ రీస్టోర్ కూడా ఉంది, గేమ్ వేయడానికి ముందునాటి రీస్టోర్ పాయింట్ మిగిలి ఉంటే. కేటాయించిన జాగా నిండాక పాత పాయింట్లు చెరిగిపోతాయి కాబట్టి ఈ దారి ఆలస్యమైతే మూసుకుపోతుంది. ‘స్కాన్ ఫర్ అఫెక్టెడ్ ప్రోగ్రామ్స్’ నొక్కితే ఏవి పోతాయో ముందే చూపిస్తుంది. మీ డాక్యుమెంట్లను అది ముట్టుకోదు. అయినా అకౌంటింగ్ డేటాను ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేశాకే నడపండి.

ప్రశ్న: ఆన్‌లైన్ గేమ్ ఒకటి వేశాక వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) లేవడం లేదు. ఫ్యాన్ వేగం మార్చే సాఫ్ట్‌వేర్ కూడా ఆగిపోయింది. రెండింటికీ కారణం ఒకటేనా?

జవాబు: ఒకటే కావడానికి అవకాశం ఎక్కువ. చాలా ఆన్‌లైన్ గేములతో ఆటలో మోసాలను అడ్డుకునే యాంటీ చీట్ డ్రైవర్ వస్తుంది. అది విండోస్ కెర్నెల్ (విండోస్ గుండెకాయ లాంటి లోపలి భాగం) స్థాయిలో పని చేస్తూ, లోపాలున్నాయని తెలిసిన ఇతర డ్రైవర్లను ఆపగలదు. హార్డ్‌వేర్‌ను నేరుగా తాకే ఫ్యాన్, లైట్ల సాఫ్ట్‌వేర్లు తరచూ అలాంటి పాత డ్రైవర్ల మీదే ఆధారపడతాయి. యాంటీ చీట్‌ను తిట్టుకునే ముందు ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడండి. ఆ లోపం నిజంగానే ప్రమాదకరం.

వర్చువల్ మెషిన్ విషయంలో, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర ‘వర్చువలైజేషన్’ ఎదురుగా డిసేబుల్డ్ అని ఉంటే అది బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, కంప్యూటర్ మూల సెట్టింగ్స్ ఉండే చోటు) ఆగిపోయింది. గేమ్ నడవాలని సెట్టింగ్స్ మార్చినప్పుడు ఇలా జరుగుతుంది. బయోస్‌లోకి వెళ్లే ముందు డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. అది లేకుండా బయోస్‌లోని సెక్యూర్ బూట్ అనే రక్షణ సెట్టింగ్ మారిస్తే కంప్యూటర్ తెరుచుకోకపోవచ్చు.

గేమ్ తీసేస్తే యాంటీ చీట్ కూడా పోతుందనుకోవద్దు. ప్రోగ్రాముల జాబితాలో దానికి వేరే పేరుతో ఇంకో వరుస ఉండొచ్చు. దాన్నీ తీసి, రీస్టార్ట్ చేశాకే పరీక్షించండి.

ప్రశ్న: పాత సీడీ గేమ్ వేశాక డీవీడీ డ్రైవ్ కనిపించడం మానేసింది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 39 అని ఉంది.

జవాబు: డ్రైవ్ పాడై ఉండకపోవచ్చు. కాపీ రక్షణ కోసం కొన్ని పాత గేములు డ్రైవ్‌కూ విండోస్‌కూ మధ్య ఫిల్టర్ డ్రైవర్ పెట్టేవి. అది కొత్త విండోస్‌లో లోడ్ కాకపోతే వెనకనున్న డ్రైవ్ కూడా కనిపించదు. రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ కింద 4డి36ఇ965 అని మొదలయ్యే కీ తెరవండి. కుడివైపు ‘డీవీడీ/సీడీ-రామ్’ అన్న పేరు ఉంటేనే ముందుకు వెళ్లండి. పక్కనే ఉన్న కీలు కూడా 4డి36ఇతోనే మొదలవుతాయి, అవి వేరే పరికరాలవి. కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే రెండు విలువల్లో ఏది ఉంటే దాన్ని తీసేసి రీస్టార్ట్ చేయండి. డిస్క్ బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే తర్వాత మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు.

ఆ గేమ్ సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణతో వచ్చినదైతే విండోస్ 10, 11లలో అది ఎలాగూ నడవదు. భద్రతా లోపం వల్ల ఆ డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ పక్కన పెట్టింది. ఎక్కడి నుంచో తెచ్చి తిరిగి పెట్టకండి. నెట్‌వర్క్ తెంచిన వర్చువల్ మెషిన్‌లో పాత విండోస్ వేసి ప్రయత్నించవచ్చు.