పిల్లలు ఎవరి గుంపులో వాళ్లే ఉంటుంటే

టీచర్ గారూ, క్లాసులో నాలుగైదు దేశాల పిల్లలున్నా ఎవరి గుంపు వాళ్లదేనని, విదేశీ టూర్ కూడా సెల్ఫీలతోనే ముగిసిందని రాశారు. పక్కపక్కన కూర్చోబెడితే సరిపోదండీ. హోదా సమానంగా ఉండి, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేసి, పెద్దల మద్దతు కూడా ఉన్నప్పుడే అపోహలు తగ్గుతాయని సైకాలజిస్ట్ గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు.

జిగ్‌సా పద్ధతి ప్రయత్నించండి. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో సైకాలజిస్ట్ ఎలియట్ ఆరన్సన్ మొదలుపెట్టింది ఇది. పాఠాన్ని ఐదు ముక్కలు చేసి, ఐదుగురి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇవ్వాలి. అదే ముక్క వచ్చిన వేరే జట్ల పిల్లలతో కూర్చుని నేర్చుకుని, తిరిగొచ్చి తన జట్టుకు చెప్పాలి. పరీక్ష మాత్రం పాఠం మొత్తం మీద. భాష సరిగా రాని పిల్లాడు తడబడితే మిగతా నలుగురూ నవ్వి ఊరుకోలేరు, ఓపిగ్గా అడిగి రాబట్టుకోవాల్సిందే. ఒక్కసారికి ఫలితం రాదు, కొన్ని వారాలు నడపాలి.

జెండాలు, వేషాల దినోత్సవాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

ఈసారి టూర్‌లో రెండు కట్టడాలు తగ్గించి, అక్కడి బడిలో ఒక పూట గడిపించండి. ‘మీరు ఇంట్లో ఏ పనులు చేస్తారు?’ లాంటి ప్రశ్నలు ముందే పిల్లలతోనే రాయించండి.